తొమ్మిదో రాయి

నతానియేలు అయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబుకు ముందు, "ఇది ఎవరి కోసం అడుగుతున్నావు?" అనేవారు. బైబిలు పాఠశాలలో చేరిన కొత్తలో మేమంతా ఆ మాటకు తడబడేవాళ్లం. పరీక్ష కోసమండీ అంటే ఏ పుస్తకంలో ఏ పేజీ చూడాలో చెప్పి పంపేసేవారు. ఊరికే తెలుసుకుందామనండీ అంటే, "ఊరికే అయితే ఊరుకో" అనేవారు. ఆయన రెండో అలవాటు ఇంకా ఇబ్బందైనది. ఎవరైనా కన్నీళ్లతో వచ్చి, పాపం చేశానండీ, ప్రార్థన చేయండి అంటే అందరు పాస్టర్లలా వెంటనే తలమీద చెయ్యి పెట్టేవారు కాదు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ఏం చేశావు?" అని అడిగేవారు. చెప్పేదాకా ఆ చెయ్యి లేచేది కాదు. దానికి జడిసి, పక్క ఊరి పాస్టరుగారి దగ్గర ఏడ్చి తేలికపడి వచ్చిన ఘనులు మాలో లేకపోలేదు. నేనూ ఒకసారి వెళ్లాను, దాచడమెందుకు.

దేవదానం మాలో తెలివైనవాడు. ఇంకో రెండు వారాల్లో అతనికి ఒక ఊరి క్రైస్తవ సంఘాన్ని అప్పగించబోతున్నారు. ఆ రోజు పాఠం అయిపోయి అందరూ లేస్తుంటే అతను నిలబడి అడిగాడు. "అయ్యగారూ, దేవుని ముందు మోకరించి ఒప్పుకున్న పాపాన్ని మళ్లీ మనుషుల ముందు ఒప్పుకోవాలా? క్షమించేవాడు ఆయనే కదా?"

"ఎవరి కోసం?" అన్నారు అయ్యగారు.

దేవదానం కాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తూ నిలబడ్డాడు. అయ్యగారు అతని వంక చూసి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, మమ్మల్నందరినీ మళ్లీ కూర్చోమన్నారు. ఆ తరువాత ఆయన చెప్పిన సంగతి ఇది.

అయ్యగారికి ఇరవయ్యారేళ్ల వయసులో, కనిగిరికి పైన ఒక రాళ్ల ఊళ్లో, మొదటి సంఘం దొరికింది. అక్కడ నీళ్ల కోసం ఆడవాళ్లు మైలు దూరం నడిచేవారు. ప్రార్థన గుడి ఆవరణలోనే బావి తవ్వుకుందామని సంఘమంతా కూడబలుక్కుంది. నాలుగు నిలువుల లోతుకు పోయేసరికి రాతిపరుపు తగిలింది. ఇక గునపాలతో కాదు, మందుగుండుతో పగలగొట్టాల్సిందే. ఆ పనివాళ్లు సంఘంలోనే ఉన్నారు. మేస్త్రీ పౌలయ్య, ఏలియా, సామేలు. ఏలియా చెల్లెలు రూతమ్మను సామేలుకిచ్చారు. బావాబావమరదులు ఒకే పళ్లెంలో తినేంత దగ్గరగా ఉండేవారు.

వాళ్ల పని పద్ధతి ఇలా ఉండేది. రాతిలో తొమ్మిది బెజ్జాలు కొట్టి, మందుగుండు కూరి, వత్తులు పెట్టి, పైన మన్ను దట్టించి, వత్తులు అంటించి పైకొచ్చి పెద్ద రాతిచాటున కూర్చుంటారు. ఒకడు మాత్రం లెక్క పడతాడు. వాడి ఎడమచేతిలో తొమ్మిది గులకరాళ్లుంటాయి. ఒక్కో పేలుడుకు ఒక్కో రాయిని కుడిచేతిలోకి మార్చాలి. ఆ సమయంలో వాడు ఎవరితోనూ మాట్లాడకూడదు, వాడితో ఎవరూ మాట్లాడకూడదు. అన్నీ పేలాక కుడిచేతి రాళ్లను మేస్త్రీ దోసిట్లో పోస్తాడు. తొమ్మిదీ ఉంటే పొగ తగ్గాక బావిలోకి దిగుతారు. ఎడమచేతిలో రాయి మిగిలిందా, ఎవరూ దిగకుండా బావి చుట్టూ ముళ్లకంప వేసేస్తారు. మర్నాడు లెక్క పట్టినవాడే ఒంటరిగా దిగి, రాళ్లు ఒక్కొక్కటే చేత్తో తీసి, పేలని బెజ్జాన్ని వెతికి నీళ్లు పోసి ఆర్పి రావాలి. ఏ మూల శబ్దం రాలేదో వాడికే తెలియాలి గనక ఆ పని వాడిదే. ఆ కట్టుబాటును తప్పినవాళ్లు లేరు.

ఒక శనివారం సాయంత్రం ఏలియా వంతు వచ్చింది. ఈస్టరు నాడు సంఘం ముందు నిలబడి, ఇక కల్లు ముట్టనని సాక్ష్యం చెప్పినవాడు ఏలియా. చెప్పి రెండు నెలలైనా కాలేదు. ఆ మధ్యాహ్నం తాటితోపులో ఎవరో చుట్టం కనిపించి పోస్తే కాదనలేకపోయాడు. రాతిచాటున కూర్చుని లెక్క పడుతుండగానే ఎండకీ కల్లుకీ కళ్లు మూతలు పడ్డాయి. ఉలిక్కిపడి లేచేసరికి పేలుళ్లు అయిపోయాయి. కుడిచేతిలో ఎనిమిది రాళ్లు, ఎడమచేతిలో ఒకటి. కునుకులో ఒకటి వినలేదేమో, రెండు కలిసి పేలాయేమో, లేక నిజంగానే ఒకటి పేలలేదేమో. ఏదో వాడికే తెలియదు. ఎనిమిదే అంటే పౌలయ్య దగ్గరికొచ్చి నిలదీసి వాసన పట్టేస్తాడు, రేపటికి సంఘమంతా నవ్వుతుంది. పైగా తనే దిగాలి. వాడు ఎడమచేతి రాయిని కుడిచేతిలోకి మార్చాడు. చేసిందంతా అంతే. ఎంత చిన్న పనో చూడండి, అన్నారు అయ్యగారు. దోమను తోలడానికైనా అంతకన్నా ఎక్కువ చెయ్యి కదుపుతాం.

చీకటి పడుతోందని బావిలోకి దిగడం సోమవారానికి ఉంచారు, కానీ రాయి మార్చిన క్షణం నుంచి వాడికి భయం పట్టుకుంది. మర్నాడు ఆదివారం, ప్రభువు రొట్టె పంచుకునే బల్లారాధన. రొట్టె దగ్గరికి అందరూ లేచి వెళుతుంటే ఏలియా లేవలేకపోయాడు. చాప మీద బోర్లాపడి ఏడ్చాడు. ఆడవాళ్లు స్తోత్రాలు చేశారు. ఏలియాను ప్రభువు ముట్టాడన్నారు. ఆరాధన అయ్యాక వాడు అయ్యగారి కాళ్లు పట్టుకుని, "పాపం చేసినానయ్యగారూ, నాకోసరం ప్రార్థన చెయ్యండి" అన్నాడు.

 "నాకు ఆ వయసులో కన్నీళ్లంటే మహా ఇష్టం" అన్నారు అయ్యగారు. "నా ప్రసంగానికి మనిషి కరిగాడనుకున్నాను. ఏం చేశావురా అని అడగలేదు. తలమీద చెయ్యిపెట్టి పావుగంట ప్రార్థన చేశాను. నీ పాపం పోయింది, సమాధానంగా వెళ్లు అన్నాను. వాడి ముఖం వెలిగింది. నా ముఖం కూడా వెలిగే ఉంటుంది."

ఏలియా ఆ మధ్యాహ్నం చెల్లెలి ఇంట్లోనే భోంచేశాడు. సామేలు ఏదో పండగలాగా కోడిని కోయించాడు, బామ్మర్ది మారుమనసు పొందాడని. కొసరి కొసరి వడ్డించాడు. ఏలియా కడుపునిండా తిని హాయిగా నిద్రపోయాడు.

సోమవారం పొద్దున్నే పని మొదలయ్యే ముందు అయ్యగారు వచ్చి ప్రార్థన చేయడం మామూలు. ఆ రోజు ముందుగా దిగే వంతు సామేలుది. ప్రార్థన కాగానే గునపం వీపుకు కట్టుకుని, తాడు పట్టుకుని దిగాడు. రూతమ్మ అంబలి కుండ దింపి వేపచెట్టు కింద కూర్చుంది. ఏలియా అయ్యగారి పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"అయ్యగారూ, నిన్న మీరు చేసిన ప్రార్థన చెల్లింది గదా?"

"చెల్లిందిరా. అనుమానమెందుకు?"

"నేను మీకు చెప్పనిదానికి గూడానా?"

"దేవునికి అన్నీ తెలుసు."

"మరి నా కాళ్లు ఎందుకు వణకతా ఉండాయి?"

అయ్యగారు వాడి కాళ్ల వంక చూశారు. నిజంగానే వణుకుతున్నాయి.  చిరునవ్వు నవ్వి, విశ్వాసముంచు అన్నారు. ఇంతలో బావిలోంచి గునపం రాతికి తగిలిన చప్పుడు ఖణేల్‌మని వినిపించింది. ఒక్క దెబ్బ. ఏలియా పరిగెత్తి బావి అంచున బోర్లాపడి అరిచాడు.

"బావా! గునపం ఎత్తబాక! యాడుండేవాడివి ఆడనే ఉండు! ఒకటి పేల్లా!"

"ఏందిరా?" కిందినుంచి సామేలు గొంతు. "తొమ్మిదీ పేలినాయంటివి గదా."

"ఎనిమిదే యిన్నాను బావా. కల్లు తాగినాను. కునుకు పట్టింది. ఒక రాయి మిగిలింది. నేనే చెయ్యి మార్చి మేస్త్రీకి ఇచ్చినాను."

అందరూ విన్నారు.  పౌలయ్య కప్పీ తాడు తనే పట్టుకుని, సామేలును జానెడు జానెడుగా పైకి లాగాడు. అదంతా ఎంతసేపు పట్టిందో గాని, ఒక్క గులకరాయి జారి కింద పడిన చప్పుడుకు అయ్యగారి గుండె ఆగినంత పనైంది. రూతమ్మ లేచి నిలబడింది. ఆమె అరవలేదు, తిట్టలేదు. అన్న వంక చూసి ఒక్క మాట అంది. "నిన్న మా ఇంట్లో అన్నం తింటివే అన్నా."

ఏలియా ఆదివారం ఏడ్చిన ఏడుపు వేరు. ఇప్పుడు వాడి కంట చుక్క నీరు రాలేదు. నోరు తెరుచుకుని చెల్లెలి వంక చూస్తూ నిలబడ్డాడు. పౌలయ్య కొట్టడానికి ఎత్తిన చెయ్యి దింపేసి, "నీ రాయి. నువ్వే దిగు" అన్నాడు.

సామేలు ముఖం పిండి చల్లినట్టు పాలిపోయి ఉంది. కుండెత్తి నీళ్లు తాగాడు, సగం గడ్డం మీదే పోయాయి. తరువాత ఎవరి వంకా చూడకుండా తాడు తీసి ఏలియా నడుముకు కట్టాడు. ముడి రెండుసార్లు లాగి చూశాడు. ఏలియా దిగాడు. అందరూ రాతిచాటుకు పోవాలని మేస్త్రీ కేకేశాడు.

"సామేలూ, నువ్వు గూడా రా."

"తాడు ఎవరు పట్టుకుంటారు?"

"మొద్దుకు కట్టేసి రా. పేలిందంటే అంచున ఉండేవాడు గూడా మిగలడు."

"మొద్దు లాగదు మేస్త్రీ" అన్నాడు సామేలు. తాడు రెండుచుట్లు చేతికి చుట్టుకుని, రెండు కాళ్లు తన్నిపెట్టి బావి అంచునే నిలబడ్డాడు. రూతమ్మ రాతిచాటుకు వచ్చి చెవులు మూసుకుని కూర్చుంది. అన్న లోపల, మొగుడు అంచున.

అయ్యగారు కూడా ఆ రాతిచాటునే కూర్చున్నారు. ముందురోజు పావుగంట ధారాళంగా ప్రార్థించిన నోటికి ఒక్క మాట రాలేదట. లోపల ఏలియా ఒక్కో రాయి ఎత్తి పక్కన పెడుతున్న చప్పుడు మాత్రం వినిపించేది. ఒక రాయి, తరువాత నిశ్శబ్దం. మళ్లీ ఒక రాయి. ప్రతి నిశ్శబ్దంలోనూ ఆయన, ఇదే, ఇదే అనుకున్నారు. ఎండ రాతిచాటులోకి వచ్చేసింది. ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి తాడు కదిలింది. సామేలు ఒక్కచేత్తో నీళ్ల బక్కెట దింపాడు. మళ్లీ ఒకటి. మూడోది కూడా దింపాక కిందినుంచి పీల గొంతు వినిపించింది.

"ఆరింది బావా. లాగు."

ఉత్తరపు మూలలో ఉందట అది. వత్తి సగం కాలి ఆగిపోయింది. సామేలు వేసిన ఒక్క గునపం దెబ్బ దానికి జానెడు దూరంలో పడింది.

బావిలో నీళ్లు పడ్డాయి. ఇప్పటికీ ఆ ఊరివాళ్లు అవే తాగుతున్నారు. ఏలియా మరి ఎప్పుడూ లెక్క పట్టలేదు, కల్లు మాత్రం మరో రెండుసార్లు తాగాడు. తాగిన రెండుసార్లూ తనే వచ్చి చెప్పాడు. రూతమ్మ ఆరు నెలలు వాడికి అన్నం పెట్టలేదు. ఏడో నెలలో పెట్టింది, కొసరలేదు. అయ్యగారు ఇవన్నీ చెప్పి కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "ఆ రోజు నుంచి నాకు ఊరికే చెయ్యి పెట్టాలంటే భయం" అన్నారు. "సామేలు చచ్చి ఉంటే ఏలియా పాపంలో సగం నా చేతిదే."

ఈ కథ విన్న మర్నాడే దేవదానం మూడు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్లి వచ్చాడు. ఎందుకెళ్లాడో మేం అడగలేదు. అతను చెప్పలేదు. తిరిగొచ్చినప్పుడు పెదవి చిట్లి ఉంది, కానీ అన్నం మాత్రం మామూలుగా తిన్నాడు. అంతకుముందు, కథ విన్న ఆ సాయంత్రమే, మేమంతా లేచి బయటికి పోతున్నా అతను కదల్లేదు. గుమ్మం దగ్గరున్న నాకు అతని గొంతు వినిపించింది. 

"అయ్యగారూ, ఒక్కటి చెప్పండి. ఏలియాకు క్షమాపణ దొరికింది ఆదివారమా, సోమవారమా?"

అయ్యగారు పుస్తకాలు సర్దుకుంటూ, తలెత్తకుండానే అన్నారు.

"ఆదివారం దేవుడు ఏం చేశాడో నాకు తెలియదు నాయనా. సామేలు తాడు పట్టుకున్నది మాత్రం సోమవారమే."