చిల్లి లేని కుండ

కుళ్లాయప్ప ఏడేళ్లుగా లాలెప్ప సామి దగ్గరే ఉన్నాడు. ఆ ఏడేళ్లలో సామి తనకు ఒక్క బోధ కూడా చేయలేదని అతని బాధ.

లాలెప్ప దూదేకుల ఇంట పుట్టాడు. పీర్ల పరంపరలో గురువు. అంత గురువయినా పొద్దున లేచింది మొదలు దూది ఏకడమే ఆయన పని. వంక ఒడ్డున గుడిసెలో కూర్చుని, విల్లుకు బిగించిన నరాన్ని కొయ్యతో కొడుతుంటే దూది పైకి లేచి, గాలిలో కాసేపు ఏదో ఆలోచించి, మెల్లగా కిందికి దిగేది. ఆ చప్పుడు వంక అవతలికి కూడా వినిపించేది. రోజూ ఆ దారిన చేనికి పోయే ఈరమ్మ, విల్లు మోగుతుంటే సామి బాగున్నాడనుకుని ఆగకుండా నడిచిపోయేది.

కుళ్లాయప్ప తన గొర్రెలను అన్నకు వదిలేసి వచ్చాడు. ప్రశ్నలను మాత్రం మందలు మందలుగా వెంట తెచ్చుకున్నాడు. దేవుడు ఎట్లుంటాడు, చచ్చినాక మనిషి ఎక్కడికి పోతాడు, మనసు ఎందుకు నిలవదు. ఏది అడిగినా సామి, "ఆ దూది ఇట్లియ్యి" అనేవాడు. కుళ్లాయప్ప అందించి, పక్కన కూర్చునేవాడు. పోనీ విల్లయినా పట్టనివ్వమంటే, అదీ ఇవ్వలేదు.

ఆ ఎండాకాలం సామికి దగ్గు పట్టుకుంది. కొయ్య ఎత్తే సత్తువ లేకపోయింది. ఆయన విల్లును గోడకు తగిలించి, శిష్యుణ్ణి పిలిచాడు.

"నా కడపటి గుడ్డకు పత్తి పండించల్ల నువ్వు" అన్నాడు.

అది ఆ గురువుల ఆచారం. గురువుతోపాటు మట్టిలోకి పోయే గుడ్డను శిష్యుడు పండించిన పత్తితోనే నేయాలి. కుళ్లాయప్పకు రెండువైపులా చిక్కే. పత్తి పండకపోతే సామి అడిగిన ఒక్క కోరిక తీరదు. పండితే సామి వెళ్లిపోతాడు, తనకేమీ చెప్పకుండానే.

గుడిసె వెనక ఉన్నది ఉత్త ఇసుక నేల. కుళ్లాయప్ప పేడలో బూడిద కలిపి గింజలకు పట్టించాడు. వాటి నూగు అణిగి, ఒకదానికొకటి అంటుకోకుండా ఆరాక, తొలి వానకు విత్తాడు. మొలకలు వచ్చాయి. నాలుగాకులు వేశాయి. ఆ తర్వాత వాన మొహం చాటేసింది.

వంకలో చెలమ తవ్వి, కావడితో నీళ్లు మోసి, మొక్కకో కడవ చొప్పున పోశాడు. ఇసుక సుయ్యిమని తాగేసి, ఏమీ ఎరగనట్టు ఊరుకునేది. మధ్యాహ్నానికి ఆకులు వాలిపోయేవి. ఎండ అలలు అలలుగా లేచి, దూరం నుంచి మొక్కలు నీళ్లలో నిలబడినట్టు కనిపించేవి. దగ్గరికి పోతే పొడి ఇసుకే. ఆ అలల మధ్య తిరుగుతూ తిరుగుతూ, తాను మోస్తున్నవి నిజం నీళ్లో కాదో కూడా అతనికి తెలియకుండా పోయింది.

ఒకరోజు కావడి కింద పెట్టేసి సామి ముందు కూలబడ్డాడు.

"కడవలు కడవలు పోస్తాండా సామీ. ఒక్క చుక్క నిలవడంల్యా. మీరేమో నోరిప్పరు. మీరు పోయినాక నేను ఎవర్ని అడగల్ల?" అన్నాడు. అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

సామి దగ్గు ఆపుకుని లేచి కూర్చున్నాడు.

"పోయి ఒక కొత్త కుండ తీసుకరా."

కుండ వచ్చింది. సామి దగ్గుకుంటూ చేనికి వచ్చి, నాలుగు మొక్కల నడుమ తన చేతులతోనే గుంత తవ్వాడు. కుండను మెడదాకా పూడ్చి, నీళ్లు నింపి, మూకుడుతో మూశాడు.

"చిల్లి పెట్టలేదే సామీ?"

"లేదు."

"మరి నీళ్లు బయటికెట్లొస్తాయి?"

సామి చేతులు దులుపుకుని గుడిసెలోకి పోయాడు.

పెద్దాయన, పాపం మరిచిపోయాడు అనుకున్నాడు కుళ్లాయప్ప. మర్నాడు కుమ్మరి దగ్గర ఇంకో పదకొండు కుండలు తెచ్చి, ఒక్కోదాని అడుగున మేకుతో జాగ్రత్తగా చిల్లి పెట్టి, చేనంతా పాతాడు. గురువు మతిమరుపును ఇంత ఒడుపుగా సర్దిన శిష్యుడు ఇంకొకడు ఉండడని లోలోపల కొంచెం మురిసిపోయాడు కూడా.

ఆ పదకొండూ సాయంత్రానికల్లా ఖాళీ. ఐదు రోజులకు వాటి చుట్టూ మొక్కలు మాడు మొహం పెట్టాయి. సామి కుండ చుట్టూ నాలుగు మాత్రం తలెత్తి నిలబడ్డాయి. కుళ్లాయప్ప మూకుడు తీసి చూశాడు. కుండలో ఇంకా సగం నీళ్లున్నాయి. పక్కన ఇసుకలో వేలు పెట్టాడు. కుండ గోడలోంచి ఊరిన చెమ్మ చల్లగా తగిలింది.

అతను ఎవరికీ చెప్పకుండా చిల్లి కుండలన్నీ తవ్వి తీసి, మంచి కుండలు పాతాడు. సామి చూశాడు.

చలికాలానికి కాయలు పగిలాయి. పొద్దుటి మంచులో ఆ చిన్న చేను నేలకు ఆనీ ఆనకుండా తెల్లగా తేలుతున్నట్టు ఉంది. కుళ్లాయప్ప ఒడి కట్టుకుని ఒక్కో కాయా ఏరాడు. పత్తి బాగా వచ్చినందుకు సంతోషం, అది దేనికోసమో గుర్తొచ్చి దుఃఖం, రెండూ ఒక్క ఒడిలోనే పడ్డాయి.

గింజలు తీయడం పూర్తయిన రోజు సామి మంచంలోంచే అన్నాడు.

"ఇంగ నేను పాతిన ఆ కుండ తవ్వి తీయి."

కుళ్లాయప్ప ఇసుక తోడాడు. కుండ రాలేదు. ఇంకా లోతుగా తోడాడు. నాలుగు మొక్కల వేర్లూ నాలుగు వైపుల నుంచి వచ్చి, కుండ చుట్టూ వెంట్రుకల్లా అల్లుకుని ఉన్నాయి. ఎక్కడ వేరు ముగిసి ఎక్కడ మట్టి మొదలైందో వేలితో తడిమినా తెలియలేదు. ఏడేళ్లుగా తాను సామి పక్కన కూర్చున్నది గుర్తొచ్చి, అతను తోడిన ఇసుకను మెల్లగా మళ్లీ కప్పేశాడు.

తిరిగి వచ్చేసరికి సామి కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఏమన్నా అడగల్లనా?"

కుళ్లాయప్ప నోరు తెరిచాడు. లోపల వెతుక్కున్నాడు.

"ఏమీ ల్యా సామీ."

"అట్లయితే ఆ విల్లు దించు."

అతను గోడకున్న విల్లు దించి, సామి కూర్చునే చోట కూర్చున్నాడు. మొదటి దెబ్బకు నరం గరగరమంది. రెండోసారి, ఎవరూ చెప్పకుండానే, మోచేయి సామి మోచేయిలా కొంచెం పక్కకు వంగింది. తెల్లటి దూది పైకి లేచి, గాలిలో కాసేపు నిలబడింది.

సామి కళ్లు మూసుకుని వింటూ ఉన్నాడు.

వంక అవతల చేనికి పోతున్న ఈరమ్మ అడుగు ఆపింది. ఎన్ని నెలలకో ఆ చప్పుడు.

"సామికి నయమైనట్లుండాది" అనుకుని, ముందుకు నడిచిపోయింది.