చుక్కల వైద్యులకి పంపిన క్షేమం

అనగనగా ఒక రాజ్యమర్రా. రాజ్యం చిన్నదే గానీ రాజుగారి మీసాలు పెద్దవి, పరువు ఇంకా పెద్దది. ఆయన పేరు తిమ్మభూపాలుడు. ఒక్కగానొక్క కొడుకు మాధవవర్మ, ఒక్కగానొక్క కోడలు చెంగల్వ. వెన్నెలా, కాళ్ళు ముడుచుకోవే, తమ్ముడికి తగులుతున్నాయి. ఆఁ, ఎక్కడున్నాం? కోడలి దగ్గరున్నాం.

పెళ్ళైన ఏడాదే ఆ రాజ్యంలోకి ఒక పాడురోగం దిగింది. అది పట్టిన మనిషి కాలి కొస నుంచి రాయైపోతూ వస్తాడు. ముందు వేళ్ళు, వేళ్ళ తర్వాత పాదం, పాదం తర్వాత పిక్క, పిక్క తర్వాత మోకాలు. ఏటికింత ఎక్కి ఎక్కి, సరిగ్గా ఇరవయ్యేళ్ళకి గుండె దగ్గరికొస్తుంది. గుండె రాయైతే మనిషి పోయినట్టే. ఏటా ఓ పదిమందికి పట్టేది. అందరికంటే ముందు పట్టింది రాజుగారబ్బాయికే. వైద్యులు నూరారు, పూశారు, తాగించారు, ఆఖరికి చేతులెత్తేశారు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

అప్పుడొక ముసలి జోగి వచ్చి చెప్పాట్ట. పెళ్ళిలో అరుంధతిని చూపిస్తారే, దాని పక్కన ఓ బుల్లి చుక్కుంది, అక్కడా మనుషులున్నారు, ఈ రోగానికి వాళ్ళ దగ్గర లేపనం ఉంది, కబురెడితే వస్తారు అని. కాకపోతే బోలెడు దూరం. ఇక్కడ దీపం పెడితే అక్కడ కనబడ్డానికి ఏడేళ్ళు. వాళ్ళ బండీ వెలుగంత జోరుగానే నడుస్తుంది కాబట్టి రావడానికి ఇంకో ఏడు. ఏడూ ఏడూ ఎంతరా కౌశికా? పద్నాలుగు. ఇరవైకి లోపే కదా! చెంగల్వకి ప్రాణం లేచొచ్చింది.

మరి వాళ్ళకి మన మాటొచ్చా? రాదు. పండితులు బుర్రలు గోక్కుంటుంటే చెంగల్వే ఉపాయం చెప్పింది. కార్తీకంలో ఆకాశదీపం ఎత్తుతాం చూడు, అలాంటిదే, కుండెడు నూనె పట్టేంత దీపం కొండమీద స్తంభానికి ఎత్తించింది. దానిమీద గంప మూస్తే చీకటి, తీస్తే చుక్క. ముగ్గుకి పెట్టినట్టు వరసకిన్ని చుక్కలు, ఇన్ని ఖాళీలు. వరస కింద వరస పేర్చుకుంటే బొమ్మొస్తుంది. కాళ్ళు రాయైపోయి పడుకున్న మగమనిషినీ, పక్కనే చేతులు జోడించిన ఆడమనిషినీ వేసి మామగారికి చూపించింది.

ఆయన మండిపడ్డాడు. ముక్కూ మొహం తెలీనివాళ్ళకి మొదటి ఉత్తరంలోనే ఏడుపా అన్నాడు. మేం క్షేమం, మీరు క్షేమమని తలుస్తాం, వీలు చూసుకుని ఓసారి రండి, అని రాయడం మర్యాద అన్నాడు. వచ్చి, కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగాక రోగం సంగతి చెబుదాం అన్నాడు. దీపం ముందు జబ్బు మాటెత్తడం అశుభమని పురోహితులూ వంత పాడారు.

"మావయ్యగారూ, వాళ్ళు వైద్యులండీ. వైద్యుల దగ్గర పరువేమిటి?" అందిట చెంగల్వ. ఒక్కసారే అంది. రెండోసారి అనాల్సింది, అనలేదు. కొత్త కోడలు కదా, నోరు రాలేదు.

దాంతో నవ్వుతూ నిలబడ్డ మనుషుల బొమ్మ వెళ్ళింది, తలుపు తీసున్న ఇంటి బొమ్మ వెళ్ళింది. నెల్లాళ్ళు గంప మూసిందీ, తీసిందీ చెంగల్వ చేతులే. మన ఇళ్ళల్లోనూ అంతే. మీ తాతయ్య గోడ పట్టుకు నిలబడి, గుండెల్లో నొప్పి పెట్టుకుని, ఏం లేదులే అజీర్తి అన్నాడు. నాకింకా ఆయన మీద కోపం పోలేదు.

ఇంక ఎదురుచూపు. పిక్క రాయైంది, చూసింది. మోకాలు రాయైంది, చూసింది. తొడ, నడుము. పద్నాలుగో ఏడు ఆ చుక్క ఆరింది, వెలిగింది, మళ్ళీ ఆరింది. బండి రాలేదు, జవాబొచ్చింది. చెంగల్వ రోజూ వాకిట్లో పిండితో చుక్కలు పెట్టుకుంటూ పోయింది. నెల్లాళ్ళకి బొమ్మ తేలింది. లేపనం కుండలతో నిండిన బండి, ఇంకో చుక్కకి పోతోంది, రోగులు పడుకుని ఉన్న చుక్కకి. ఇటు తిరిగి చెయ్యూపుతున్న మనుషులు. మీరంతా క్షేమం, మాకెంతో సంతోషం, వీలైనప్పుడు వస్తాం అని.

చెంగల్వ ఆ పిండిమీదే కూలబడింది. నా కొడుకుని నేనే చంపుకున్నానని ముసలిరాజు తల బాదుకున్నాడు. ఆవిడ ఓదార్చలేదు. ఆ పూటే దీపం ఎత్తించి తన పాత బొమ్మ పంపింది. అది పోయి వాళ్ళు రావడానికి మళ్ళీ పద్నాలుగేళ్ళు. మాధవవర్మకి ఉన్నవి ఆరు.

బతికాడా అంటావేంటే? లేదమ్మా. కథల్లో బతుకుతారని నాకూ తెలుసు, ఈ కథలో బతకలేదు. ఇరవయ్యో ఏట చెంగల్వ అన్నం కలిపి ముద్ద పెడుతుంటే "చాల్లే" అన్నాడు. అంతే.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళకి బండొచ్చింది. వాళ్ళెలా ఉన్నారో అడక్కండి, నేను చూళ్ళేదు. లేపనం పూయించుకున్నవాళ్ళు పూయించుకున్నట్టే లేచి నడిచారు. ముసలాళ్ళు గెంతారు, వీధులన్నీ పండగ. చెంగల్వ ఆ చుక్కల వైద్యుల్ని రాయైన మొగుడి దగ్గరికి తీసుకెళ్ళింది. గుండెమీద చెవి పెట్టి విని, తలొంచుకుని కూచున్నారు. గుండె దాటాక ఆ లేపనం పనిచెయ్యదు.

వాళ్ళు వెళ్ళాక కుండ అడుగున మిగిలిన లేపనం గీకి, చెంగల్వ రోజూ పొద్దున్నే ఆ రాతి పాదాలకి రాసేది. ఉపయోగం లేదని తెలుసు. అయినా రాసేది.

అందుకే నొప్పుంటే ముందు నొప్పని చెప్పండర్రా, మర్యాదలు తర్వాత. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.