సున్నం తగలని ఒడిరాళ్ళమ్మ

పూర్వం, ఈ గుట్టకు ఇంకా పేరే లేని రోజుల్లో, దిన్నెకోటలో హనుమప్ప నాయుడనే పాలెగాడు ఉండేవాడు. కోట కింద నల్లరేగడిలో ఉండేది, కోటలోని గుర్రాలు తినే ఉలవలు మాత్రం పైన ఈ గుట్ట మీద పండేవి. ఇంకో చోటయితే కథను ఆ నాయుడితో మొదలుపెట్టి ఆయనతోనే ముగించేవాళ్ళు, గుడి కట్టించినాడని, మాన్యం రాసిచ్చినాడని. ఇక్కడ అట్ల చెప్పరు. ఇక్కడ చెప్పేది మారెక్క కథ, ఉలవచేను చేసుకుని బతికిన బోయ ఆడమనిషి కథ. నాయుడి పేరు ఎందుకు చెప్తారంటే, చేసినోడెవరో మర్చిపోకూడదని.

ముందు ఈ నేల సంగతి తెలియాల. గుట్టంతా సున్నపురాయి. వాన తక్కువ, చలి ఎక్కువ. పుష్యమాసంలో పొద్దున్నే నోరు తెరిస్తే పొగ వస్తుంది, మధ్యాన్నానికి అదే బండ అరికాళ్ళు కాలుస్తుంది. అట్ల చలికి బిగుసుకుని, ఎండకు సాగి, ఎన్ని వందల ఏళ్ళు నలిగిందో ఏమో, కొండ పెళ్ళలు పెళ్ళలుగా ఊడి కిందికి జారి, అరచేతిలో పట్టేంత తెల్లరాళ్ళుగా పరుచుకుంది. ఆ రాళ్ళ సందుల్లో పిడికెడు పిడికెడు బూడిదరంగు మన్ను. అదే చేను. కొత్తగా వచ్చినోళ్ళు చేలో నిలబడుకుని చేనెక్కడుందని అడిగేవాళ్ళంట. గొర్రు కట్టి విత్తనం వేస్తుంటే ఆ గరగర చప్పుడు పక్క గుట్టకు వినిపించేది. రాళ్ళను తిట్టకుండా పొద్దు గూకించిన మనిషి ఆ ఊర్లో లేడు. మారెక్క అందరికంటే ఎక్కువ తిట్టేది, కాపరానికి వచ్చిన మొదటి ఏడే ఆమె బొటనవేలి గోరు ఊడిపోయింది కాబట్టి.

అట్లుండగా, ఎక్కడో దూరాన ఉన్న పెద్దరాజు దిన్నెకోట చూడ్డానికి వస్తాడని కబురొచ్చింది. నాయుడు తన కోట వైపు చూసుకున్నాడు. ఎర్రమట్టి గోడలు. రాజు దిగే దారిలో అవి కనపడితే పరువు పోతుందనిపించింది ఆయనకు. అంత పెద్ద గోడకు సున్నం కావాల, సున్నానికి రాయి కావాల, కొండ పగలగొట్టాలంటే చానా కష్టం. ముక్కలు ముక్కలుగా తయారై ఉన్న రాయి మన చేలల్లో కనపడింది. వెంటనే తలారి గిడ్డయ్యతో దండోరా వేయించినాడు: దొరవారు దయతలచి రైతుల చేలల్లోని రాళ్ళన్నీ తమ సొంత బండ్లతో ఎత్తించి శుభ్రం చేయిస్తారు అని.

దోచుకునేదాన్ని దయ అని చెప్పేంత తెలివి ఉండేది ఆ నాయుడికి. మనోళ్ళు ఆ మాట నమ్మినారు. నమ్మడం కాదు, సంబరపడినారు. తాతల కాలం నుంచి గొర్రు విరగ్గొట్టిన రాళ్ళు ఊరకే పోతున్నాయంటే ఎవరు వద్దంటారు? బండ్లు వచ్చినప్పుడు మారెక్క కూడా చీరకొంగు బిగించి, మొగుడు ఈరన్నతో కలిసి గంపలకెత్తింది. పోతూ పోతూ ఒక రాయిని కాలితో తన్నింది కూడా. వాళ్ళ చేను రెండు చెక్కలు, గట్టుకు పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. కింది చెక్క అంతా ఎత్తినాక బండి ఇరుసు విరిగింది. మళ్ళీ వస్తామని బండోళ్ళు పోయినారు. పై చెక్క అట్లే మిగిలింది. అదేం ఆమె తెలివి కాదు. ఇరుసు విరిగింది, అంతే.

ఆ తర్వాత ఏటి పైరుకే నేల నిజం చెప్పింది. రాళ్ళు లేని మెత్తని చేలల్లో అందరూ నవ్వుకుంటా ఉలవలు చల్లినారు. ఉన్న రెండు వానలూ పడినాయి. మీద అడ్డం ఏమీ లేకపోయేసరికి నీళ్ళు మన్నును ఊడ్చుకుని వాగులోకి పోయినాయి. మిగిలిన మన్ను ఎండకు అట్టకట్టింది. చలికాలం వచ్చేసరికి ఊరి చేలన్నీ వాడిపోయి తలలు వాల్చినాయి. మారెక్క పై చెక్క ఒక్కటే పచ్చగా, తీగలు సాగి ఉంది.

ఆమెకు అర్థం కాలేదు. ఒకరోజు పొద్దున్నే పోయి రెండు చెక్కల మధ్య గట్టు మీద కూచుంది. ఒక పక్క పైరు చచ్చిపోతా ఉంది, ఇంకో పక్క బతికి ఉంది. విత్తనం ఒకటే, చల్లిన చెయ్యి ఒకటే. ఊరకే చేతికందిన రాయిని తిప్పింది. రాయి అడుగున చెమ్మ. దాని కింద మన్ను నల్లగా తడిసి ఉంది, ఒక సన్నని తెల్లని వేరు ఆ తడిలోకి తల దూర్చి ఉంది. ఇంకో రాయి తిప్పింది. ఇంకోటి. ప్రతి రాయి కిందా అదే. వాన పడి నెలన్నర అయింది. చలికి చల్లబడిన రాయి పొద్దున మంచును పట్టి అడుగుకు జార్చుకుంటా ఉంది, పగలు ఎండ తగలకుండా కప్పి పెడతా ఉంది. ఇన్నేళ్ళు తిట్టింది ఈ రాళ్ళనేనా అనుకుంది మారెక్క. తిప్పిన రాళ్ళన్నీ ఒక్కొక్కటే ఎట్ల ఉన్నవట్ల మళ్ళీ పెట్టింది.

ఊరందరినీ పిలిచి చూపించింది. ముసలోళ్ళు చెయ్యి పెట్టి చూసినారు. మన నోటి దగ్గరి కూడు మనమే ఎత్తి బండికేసినామే అన్నాడు ఒకాయన. సరిగ్గా ఆ వారమే తలారి గిడ్డయ్య మళ్ళీ దండోరాతో ఎక్కినాడు. కోటకు ముందు గోడ ఒక్కటే తెల్లగయిందంట, ఇంకా మూడు గోడలు ఉన్నాయంట. గుట్ట మీద రాయి ఎక్కడున్నా ఎత్తాలంట. సున్నపు బట్టీ దగ్గర వెట్టికి మగోళ్ళు రావాలంట. ఈరన్నను అట్లే పట్టుకుపోయినారు. సున్నం పడి అతని చేతులు పొక్కినాయని రెండు రోజులకే కబురొచ్చింది.

మారెక్క ఒక రాయి, దాని కింది తడిమన్ను ఒడిలో వేసుకుని కోటకు దిగింది. నాయుడు పంచలో కూచుని ఉన్నాడు, పక్కన శాస్త్రాలు చదివిన పెద్దమనిషి ఒకాయన.

"దొరా, ఈ మన్ను ఒకసారి ముట్టుకో. వాన పడి నెలన్నర అయింది" అంది మారెక్క.

నాయుడు ముట్టుకోలేదు. పక్కనున్నాయన, రాయి నీళ్ళు తాగుతుందా ఏమే అని నవ్వినాడు. తాగదు సామీ, ఉన్న తడిని పోనియ్యదు, చలికి మనం కప్పుకునే గొంగడి మాదిరి అని ఆమె నెమ్మదిగానే చెప్పింది. రెండు చెక్కల సంగతి చెప్పింది. ఉన్న రాళ్ళు కూడా పోతే గుట్ట మీద ఇంక ఊరు ఉండదని చెప్పింది. నాయుడు ఆవులించినాడు.

"నీ చేను చూసుకుంటా కూచుంటే నా గోడ ఎవరు తెల్లగ చేస్తారే?"

"గోడ తెల్లగయినాక నీ గుర్రాలు దాన్ని నాకి బతుకుతాయా దొరా?"

పంచలో వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే కొంప ముంచింది. మన్ను సంగతి విని ఉంటే ఏమయ్యేదో గానీ, నవ్వు విన్నాడు నాయుడు. గుట్ట మీద మొట్టమొదట ఎత్తాల్సింది ఈమె చేనే అన్నాడు. ఊరంతా బతికే తడికంటే తన వెనక వినిపించిన ఒక్క నవ్వు ఆయనకు పెద్దదయింది.

మారెక్క వచ్చి పై చెక్క నడిమధ్యలో కూచుంది. చుట్టూ చెయ్యి చాచినంత మేర రాళ్ళు ఏరి ఒడిలో వేసుకుంది. బండ్లు వచ్చినాయి. బండోళ్ళు కూడా మనోళ్ళే, మొహాలు దించుకుని ఏరినారు. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. ఊరోళ్ళు అంబలి తెస్తే మొదటి రోజు రెండు గుటకలు తాగింది, తర్వాత అదీ లేదు. గొంగడి కప్పితే తీసి పక్కన పెట్టింది, చేనుకు లేని గొంగడి నాకెందుకని.

మూడో రోజు సాయంత్రానికి చేనంతా బోడిదయింది. ఆమె ఒడిలో ఉన్నవే మిగిలినాయి. వాటిని కూడా తెమ్మని కోట నుంచి తలారి గిడ్డయ్యనే పంపినారు. ఆడదాని నిండిన ఒడిలో మగోడు చెయ్యి పెట్టడం ఈ సీమలో ఎక్కడా లేదు. గిడ్డయ్య దూరంగా నిలబడి బతిమాలినాడు.

"మారెక్కా, లెయ్యమ్మా. నన్ను చెడ్డోణ్ణి చెయ్యొద్దు."

"నువ్వు చెడ్డోడివి కాదు గిడ్డన్నా. చెడ్డోడు చెప్పిన పని బాగా చేస్తావు, అంతే." ఒడిలో రాళ్ళు సర్దుకుని మళ్ళీ అంది: "మా అమ్మ నా ఒడిలో బియ్యం పోసి పంపింది. మెట్టినింట్లో నాకు దొరికినవి ఈ రాళ్ళే. ఇవి కావాలంటే నా ఒడి ఖాళీ చెయ్యాల. చెయ్యండి చూద్దాం."

ఆమెను మొండిది అంటారు కోట వైపోళ్ళు ఇప్పటికీ. తన చేను కోసం కదలకుండా కూచుంటే మొండితనమంట. గోడ రంగు కోసం ఊరి కడుపు కొడితే మాత్రం దర్పమంట.

నాలుగో రోజు తెల్లవారేసరికి ఈ గుట్ట పుట్టినప్పటి నుంచి ఎవరూ చూడనంత మంచు. బండోళ్ళ దుప్పట్లు పిండితే నీళ్ళు కారినాయి. ఎద్దుల కొమ్ముల నుంచి చుక్కలు పడినాయి. పట్టుకునే రాయి ఒక్కటి కూడా లేక, మంచంతా గుట్ట దిగి కింది వైపు పోయిందంటారు. గిడ్డయ్య కళ్ళు మూసుకుని, తప్పయిందమ్మా అనుకుంటా మారెక్క ఒడిలో చెయ్యి పెట్టినాడు. రాయి తగిలింది. దాన్ని లాగితే రాలేదు. చీర తగల్లేదు, చెయ్యి తగల్లేదు, అంతా ఒకటే రాయి. మారెక్క కూచున్నది కూచున్నట్టే, ఒడి నిండుగా, రాయి అయి ఉంది. గిడ్డయ్య అక్కడే కూలబడి ఏడ్చినాడు.

అప్పుడే కింది నుంచి చప్పుడు. కోటలో గోడ వెంబడి, బట్టీలో కాల్చి ఇంకా నీళ్ళు పోయని సున్నం ఇళ్ళెత్తు కుప్పలుగా పోసి ఉంది. గుట్ట దిగిన మంచు దాని మీద కూచుంది. మన చేలకు రావాల్సిన తడి తన రాళ్ళను వెతుక్కుంటా అక్కడికి పోయింది. కుప్పలు బుసలు కొట్టి, ఉడికి, ఉబ్బి, గోడను లోపల నుంచి తోసినాయి. తెల్లగా చేసిన గోడే నిలువునా పగిలి పడింది. బట్టీ బయట పడుకున్న వెట్టోళ్ళకు ఏమీ కాలేదు. రాజు వచ్చినాడో రాలేదో ఎవరికీ తెలీదు.

ఈరన్న గుట్టెక్కి పెళ్ళాన్ని చూసినాడు. ఏడవలేదంటారు. కిందికి పోయి, బట్టీలో ఇంకా కాలని రాయి ఒకటి పంచెలో కట్టుకుని వచ్చి, పొక్కిన చేతులతో ఆమె ఒడిలో పెట్టినాడు. అతని వెనకే ఊరంతా దిగింది. కాలని రాళ్ళన్నీ ఒడుల్లో, గంపల్లో మోసుకొచ్చి ఎవరి చేలో వాళ్ళు పరుచుకున్నారు. బండ్లు ముట్టలేదు. నాయుడు తర్వాత తప్పు ఒప్పుకున్నాడని కొందరు చెప్తారు. ఒప్పుకోలేదు. మారెక్కకు తన పేరు మీద గుడి కట్టిస్తాను, తెల్లగా సున్నం కొట్టిస్తాను అన్నాడు. ఊరు వద్దని చెప్పి పంపింది.

అందుకే ఊరు ఒడిరాళ్ళమ్మ అని పిలుచుకునే మారెక్కకు ఈ రోజుకీ గుడి లేదు, గోడ లేదు, కప్పు లేదు. చేను మధ్యలో కూచుని ఉంటుంది. గుట్ట మీద ఏ ఇంటికీ సున్నం కొట్టరు, ఎర్రమన్నుతోనే అలుకుతారు. పుష్యమాసం జాతరనాడు ఎంత పెద్దమనిషయినా తాంబూలం సున్నం లేకుండా నమలాల్సిందే. కొత్త కోడలు పుట్టింటి నుంచి ఒడిబియ్యంతో పాటు ఒక రాయి తెచ్చి అమ్మ ఒడిలో పెడుతుంది. తీర్థం ఇచ్చే పూజారి ఉండడు. పొద్దున్నే చేలోకి పోయి ఒక రాయి ఎత్తి, కింది తడి వేలితో అద్దుకుని కళ్ళకు పెట్టుకోవాల. తర్వాత ఆ రాయిని ఎట్ల ఉన్నదట్ల మళ్ళీ పెట్టి రావాల.