పోలి చెవులకి ఎర్రజాజు

"అది కాదే పోలీ, జాజు ఎక్కడ పూసుకుంటావ్? కొమ్ములేవీ నీకు?" అంటోంది నక్క.

"కొమ్ములు లేకపోతే ఏంటి, చెవులున్నాయిగా," అంది పోలి.

వాగు ఒడ్డున కోడెలన్నీ పగలబడి నవ్వాయి. పోలి బట్టల మూటలు మోసే గాడిద. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు. అప్పుడే వాగులో మునిగొచ్చి, ఒళ్లంతా నీళ్లు కారుతూ నిలబడింది. ఎంత నవ్వినా కదల్లేదు.

ఆ రోజు ఏరువాక పున్నమి, ఎడ్ల పండగ. వాగులో మునిగి, కొమ్ములకి ఎర్రజాజు రంగు పూసుకుని, జతలు జతలుగా గోగునార తోరణం కింద నడిచెళ్తే అవతల వేడి వేడి పొంగలి. జత లేని ఎద్దుకి ఆ నడక లేదు. కర్రెద్దు తాత జతగాడు మొన్న ఎండాకాలం పోయాడు. తాతకీ కాలు ఈడుస్తోంది, వచ్చే ఏడు కాడి కిందికి రాడు. ఇదే ఆఖరి ఏరువాక. అందుకే నిన్న, "నా ఎడం పక్కన నడుస్తావా అమ్మా?" అని పోలిని అడిగాడు. ఇద్దరూ ఉండేది ఒకే పాకలో. నడుస్తానని మాటిచ్చేసింది.

నక్కకేమో ఆ ఎడం పక్క కావాలి. పొంగలి కోసం.

"చూడండయ్యా, ఎడ్ల పండగలో గాడిదా? రేపు పందులొస్తాయి. కొమ్ములుంటేనే పండగ, అంతే." నక్క తలాడించింది. నెత్తిన రెండు మేక కొమ్ములు. "మా అమ్మమ్మది మీ వంశమే. ఇన్నాళ్లూ సిగ్గుపడి చెప్పుకోలా."

"నిన్న లేవుగా మావా అవి?" అంది ఒక కోడె.

"లేటుగా వచ్చాయిరా. జ్ఞానదంతాలు రావూ, అలాగ."

కోడెలు బుర్రలూపాయి. "పోలీ, నువ్వెళ్లిపో. మా పరువు పోద్ది."

పోలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గొంతు మాత్రం లేచింది. "వెళ్లను. నేను ఎద్దునని చెప్పట్లా. మీ పండగ మీదే, ఎత్తుకుపోను. తాత పిలిచాడు, వచ్చా. తాత పొమ్మంటే పోతా."

కర్రెద్దు తాత వచ్చి పోలి పక్కన నిలబడ్డాడు. నక్కని పైనుంచి కిందికి చూశాడు. "మనవాడివే అంటున్నావుగా అబ్బాయ్, రా. ముందు స్నానం. తల ముంచందే జాజు లేదు. మీ అమ్మమ్మ చెప్పే ఉంటది."

నక్క నీళ్ల వైపు చూసి ఒక అడుగు వెనక్కేసింది. "జలుబు చేసింది తాతా. కాళ్లు కడుక్కుంటాలే."

"గాడిదే మునిగొచ్చింది," అన్నాడు తాత.

కోడెలు చుట్టూ మూగాయి. దిగక తప్పలా. ఆ కొమ్ములు తుమ్మజిగురుతో అంటించినవి. రెండు మునకలకే జిగురు కరిగి, ఒకటి ముక్కు మీదికి జారింది, రెండోది వాగులో కొట్టుకుపోయింది.

"మావా, మీ అమ్మమ్మ పోతోంది," అంది ఒక కోడె. ఇంకో కోడె తన కొమ్ములు చూపించి నక్కని ఒడ్డుకి తోలింది. "కొమ్ములుంటేనే పండగ. నువ్వన్నదే."

"మరి ఆ పోలికీ లేవుగా!" అంది నక్క.

"లేవనే చెప్పింది," అన్నాడు తాత. "నువ్వూ ఉన్న మొహంతో వచ్చుంటే ఇంత పొంగలి పెట్టేవాళ్లం. పక్కోళ్ల పండక్కి మనం మనలాగే రావాలిరా, వేషం కట్టి కాదు."

తోక జాజులో ముంచి పోలి చెవులకి తనే పూశాడు. పోలి ఆ రెండు చెవులూ నిక్కబొడిచి, తాత కుంటితే తనూ అడుగు తగ్గిస్తూ, ఎడం పక్కన నడిచింది.

తోరణం దగ్గర పొరుగూరి ఎడ్లు నవ్వాయి. "గాడిదకి జాజేంటి? కొమ్ములేవీ దానికి?"

పోలి నోరు తెరిచేలోపే, పొద్దున నవ్విన కోడెలే ముందుకొచ్చి నిలబడ్డాయి.

"కొమ్ములు లేకపోతే ఏంటి, చెవులున్నాయిగా."