ముత్యానికి రాని ఆట

ఇప్పలకోన అడవిలో ఏనుగులు, ఎలుగులు, అడవిపందులు, దుప్పులు కలిసి బతికేవి. వాటన్నిటికీ నీరిచ్చేది ఒక్క జిల్లేళ్లవాగే. ఎండాకాలం వస్తే ఆ వాగులో కూడా ఇసుకే మిగిలేది. అప్పుడు గున్నమ్మ అనే ముసలి ఏనుగు వాగు మధ్యకు వెళ్లి, తొండంతో వాసన చూసి, కాలితో ఇసుక తవ్వి చెలమ తీసేది. అడుగున ఊరే ఆ చల్లటి నీళ్లే అందరికీ ఆధారం.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే పెద్దలు నీళ్లు తాగి వెళ్లిపోయేవి. ఎండ ఎక్కే వేళకు చెలమ పక్కనున్న చిన్న గుంట పిల్లలదైపోయేది. గున్నమ్మ తొండం నిండా నీళ్లు పీల్చి వాటి మీద చల్లేది. ఎలుగు పిల్ల టేకాకును దొన్నెలా మడిచి, ఇటు నీళ్లు అటు మోస్తూ, దారిలోనే అన్నీ ఒలకబోసేది. పందిపిల్లలు బురదలో పక్కకు ఒరిగి, పొర్లి పొర్లి అవతలి ఒడ్డున తేలేవి.

అన్నిటికన్నా ఇష్టమైన ఆట కళ్లు మూసుకుని నడవడం. కాలి కింద ఉన్నది పొడి ఇసుకో, తడి ఇసుకో, జిగట మట్టో చూడకుండా చెప్పాలి. తప్పు చెప్పిన పిల్ల మీద గున్నమ్మ అవ్వ ఇంకో తొండం నీళ్లు పోసేది. అందుకని తెలిసిన పిల్లలు కూడా కావాలనే తప్పు చెప్పేవి.

కలువ అనే దుప్పికి మాత్రం ఇదంతా గిట్టేది కాదు. కలువ అందగత్తె. ఆ సంగతి అందరికన్నా తనకే బాగా తెలుసు. దాని కొడుకు ఒంటి మీద తెల్లటి మచ్చలు తీర్చి పెట్టినట్టు ఉండేవి. అందుకే దానికి ముత్యం అని పేరు పెట్టుకుంది. రోజూ పొద్దున్నే కొడుకును నాకి నాకి శుభ్రం చేసి, నీడలో నిలబెట్టి, చూసుకుని మురిసిపోయేది. ముత్యం అలా నిలబడే ఉండాలి. పడుకుంటే దుమ్ము అంటుకుంటుంది మరి.

"అమ్మా, నేనూ వెళ్లనా?" అని ముత్యం రోజూ అడిగేది.

"ఆ బురదలోకా? వెళితే పందిపిల్లలా తయారవుతావు. మురికిలో కాలు పెట్టకూడదు నాన్నా, ఒళ్లు వాల్చకూడదు" అనేది కలువ.

ముత్యం మంచి పిల్ల. అమ్మ మాట దాటేది కాదు. నీడలోనే నిలబడి, మెడ చాచి, నీళ్ల చప్పుడు వింటూ ఉండేది. ఎలుగు పిల్ల నీళ్లు ఒలకబోసినప్పుడల్లా తనలో తానే నవ్వుకునేది.

ఒకరోజు ఎలుగు పిల్ల గుంటలోంచి తడి గులకరాయి ఒకటి తెచ్చి ముత్యం ముందు పెట్టింది. ముత్యం దానికి ముక్కు ఆనించింది. "అమ్మా, ఎంత చల్లగా ఉందో" అంది. కలువ ఆ రాయిని కాలితో అవతలికి తోసేసి, కొడుకు ముక్కు శుభ్రంగా తుడిచింది.

ఇదంతా చూసి గున్నమ్మ కలువ దగ్గరికి వచ్చింది. "పిల్లాణ్ణి పంపవే కలువా. నా పక్కనే ఉంచుకుంటాను" అంది.

"ఆటలదేముంది అవ్వా, పెద్దయ్యాక ఆడుకుంటాడు. ఇప్పుడు ఒళ్లు పాడవుతుంది."

"ఉత్త ఆట కాదమ్మా అది. వాగు ఎక్కడ గట్టిగా ఉంటుందో, ఎక్కడ మెత్తబడుతుందో వాళ్ల కాళ్లకు తెలుస్తుంది. నేను నోటితో చెబితే వచ్చేది కాదు."

"వాడి పక్కన నేనున్నాను. వాడి కాళ్లకు ఏం తెలియకపోయినా పరవాలేదు" అని కలువ ముఖం తిప్పుకుంది. గున్నమ్మ వెనుదిరిగి గుంట వైపు నడిచింది. తల్లిని కాదని పిల్లను లాక్కుపోలేదు కదా.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. చెలమ అడుగంటింది. వాగు మలుపు అవతల నీటి వాసన తగులుతోందని గున్నమ్మ చెప్పడంతో అన్నీ పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరాయి. ఇసుక కాలిపోతోంది. ముత్యం ఒక్కో అడుగూ ఏడుస్తూ వేస్తోంది. అంతలో మలుపు దగ్గర, రెల్లు పొదల కింద, ఇసుక నల్లగా తడిగా మెరుస్తూ కనిపించింది.

పాపం, దానికేం తెలుసు. ఆ గులకరాయిలాగే చల్లగా ఉంటుందనుకుంది. పుట్టాక మొదటిసారి అమ్మను అడగకుండా పరుగెత్తింది.

"అది ఊబి, ఆగు" అని అరుస్తూ ఒక పందిపిల్ల వెనకాలే ఉరికింది. పరుగు ఆపుకోలేక అదీ అందులో పడింది.

రెండూ దిగబడ్డాయి. పందిపిల్ల రోజూ ఆడినట్టే పక్కకు ఒరిగి, పొర్లుకుంటూ గట్టి ఇసుక మీదికి వచ్చి పడింది. ముత్యం మాత్రం నిలబడి కాళ్లు లాక్కుంటోంది. లాగిన కొద్దీ లోపలికి దిగుతోంది.

"కాళ్లు కొట్టకు నాయనా. పక్కకు ఒరుగు, ఒళ్లు వాల్చు" అని గున్నమ్మ కేక పెట్టింది. కొమ్మలు విరిచి ఊబి మీదికి విసిరింది. తాను అడుగు వేస్తే ఆ బరువుకు ఊబి ఇంకా కుంగుతుంది.

ముత్యం తల్లి వైపు చూసింది. "మురికవుతుంది కదమ్మా" అంది.

కలువ గుండె పగిలిపోయింది. "పరవాలేదు నాన్నా, ఒరుగు. బురదంతా పూసుకో. అమ్మ ఏమీ అనదు" అని ఏడుస్తూ చెప్పింది.

ముత్యం ఒరగాలనే చూసింది. ఎలా ఒరగాలో దానికి తెలియలేదు. అప్పటికే బురద పొట్ట దాటింది. గున్నమ్మ తొండం చాచింది కానీ అందలేదు. కలువ ఊబిలోకి దూకబోతే తల్లి ఎలుగు గట్టిగా పట్టుకుని ఆపింది. కాసేపటికి తెల్లటి మచ్చలన్నీ మునిగిపోయాయి. ఆ తర్వాత చిన్న చెవులు కూడా. ఆ పైన నేను చెప్పలేను పిల్లలూ.

"నేను ముందే చెప్పానుగా" అని గున్నమ్మ అనలేదు. కలువ పక్కన నిలబడి, తొండంతో వీపు నిమురుతూ తానూ ఏడ్చింది.

మలుపు అవతల నీళ్లు దొరికాయి. గున్నమ్మ కొత్త చెలమ తీసింది. పిల్లలు గుంటలో దిగడానికి భయపడ్డాయి. అయినా అవ్వ వాటికి ధైర్యం చెప్పి, ఒక్కొక్కదాన్నే నీళ్లలోకి దింపి, మళ్లీ కళ్లు మూయించి నడిపించింది. ఆ ఎండాకాలం ఇంకే తల్లీ బిడ్డను పోగొట్టుకోలేదు.

కలువ మాత్రం అటు రాలేదు. మండుటెండలో ఊబి అంచునే నిలబడింది. ఎవరి పిల్ల అటు వచ్చినా ముందుకాలు నేలకేసి కొట్టి వెనక్కి పంపేది.

ఒక మధ్యాహ్నం ఊబిలోంచి బయటపడ్డ ఆ పందిపిల్ల దూరంగా ఆగి పిలిచింది. "అత్తా, ఎండగా ఉంది. మాతో నీళ్లలోకి రా."

"మీరు ఆడుకోండి నాన్నా" అంది కలువ. "నేను ఇక్కడే ఉంటాను. నా బిడ్డ ఒక్కడే ఉన్నాడు."

నీతి: ఒంటికి అంటిన మురికి కడిగితే పోతుంది. పక్కన ఉండి పిల్లలను నీళ్లలో, మట్టిలో ఆడనివ్వాలి. ఆటలో నేర్చుకున్నదే ఆపదలో ఆదుకుంటుంది.