పుట్టని మిషను పేరు

1998 జూలై 14, మంగళవారం. పొద్దున్నించీ మబ్బు పట్టి ఉంది గాని చినుకు రాలలేదు. ఆకు కదలడం లేదు. ఆ ఉక్కలో కేశవులు తొమ్మిదోసారి కుర్చీలోంచి లేచాడు.

అతను సీ అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాము మూడు రోజులుగా గురువు పురుషోత్తంగారి చొక్కా జేబులో, ఫ్లాపీలో ఉంది. సముద్రం ఎన్ని అడుగులు లేచిందో ఫైల్లో రాసి, హద్దు దాటితే సైరను మోగించే ప్రోగ్రాము. ఒక పల్లె ఫైలు టెలిఫోను తీగ మీద పక్క పల్లెకు పోతుంది. పదకొండు జాలరి పల్లెలకు దాన్ని తీసుకెళ్ళే జీపు శుక్రవారం బయల్దేరుతుంది. మళ్ళీ జీపంటే తుపాన్ల కాలం దాటాకే. ప్రోగ్రాము జీపెక్కాలంటే గురువుగారు సంతకం పెట్టాలి. ఆయన పెట్టరు.

“నా మిషను మీద ఒక్క తప్పు రాలేదండీ.”

“నీ మిషను నీ మాట వింటుందిలేవోయ్. పద, అత్తగారి దగ్గరికి.”

అత్తగారంటే వెనకగదిలోని పాత కంప్యూటరు మిషను. ఏది పెట్టినా వంక పెడుతుందని ఆ పేరు. దాని మీద కప్పిన నీలం చీర పురుషోత్తంగారి భార్యది. “దానికీ ఓ కప్పు కాఫీ పంపమంటారా?” అని ఆవిడ ఎత్తిపొడిచేదిట, బతికున్న రోజుల్లో. అది వేరే సంగతి.

గురువుగారు ప్రోగ్రామును అత్తగారి మీదికి ఎక్కించి, కేశవులు సొంత మిషను రాసిన ఫైలును దాన్ని చదవమన్నారు. అందులో ఉన్నది ఒక్క అడుగు. అత్తగారు కోటీ అరవై ఏడు లక్షల డెబ్భై ఏడువేల రెండువందల పదహారు అడుగులంది. సైరను మోగింది.

గేటు దగ్గర్నించి వాచ్‌మన్ సింహాద్రి పరిగెత్తుకొచ్చాడు. “సముద్రం వచ్చీసిందేటి బాబూ?”

“మేడెక్కినా లాభం లేదురా, కూర్చో,” అన్నారు గురువుగారు.

కేశవులు మొహం ఎర్రబడింది. “డొక్కు మిషనండీ ఇది. నాలుగు గళ్ళలో ఉన్న అంకెను ఆ చివర్నించి చదువుతోంది.”

“నువ్వు ఈ చివర్నించి రాశావని దాని గోల.”

బుధవారమంతా కేశవులు అన్నం కూడా సరిగా తినలేదు. పల్లెల్లో ఉన్నవన్నీ ఎవరెవరో దానమిచ్చిన మిషన్లు, మూడు రకాలు. ఆ మూడింటి పేర్లూ ప్రోగ్రాములో ఎక్కించాడు. ఫలానాదైతే ఇటునించి చదువు, ఫలానాదైతే అటునించి. సాయంత్రానికి అత్తగారు బుద్ధిగా ఒక్క అడుగంది.

పురుషోత్తంగారు ప్రోగ్రాము అచ్చుతీసిన కాగితాన్ని మెల్లగా చదివారు. మూడో పేరు కింద ఒక గీత గీసి, పెన్సిలు కేశవులు చేతికిచ్చారు.

“ఇంకా పుట్టని మిషను పేరు ఇక్కడ రాయి. సంతకం పెట్టేస్తాను.”

కేశవులు పెన్సిలు ఆ గీత మీద ఆనించి, తీసేశాడు. తర్వాత మూడు పేర్లూ కొట్టేశాడు.

గురువారం మళ్ళీ రాశాడు. ప్రతి అంకెనూ ప్రోగ్రామే నాలుగు ముక్కలు చేసి, పెద్ద ముక్క ముందు, చిన్నది చివర అని ఒక్కొక్కటే ఫైల్లో పెడుతుంది. చదివేటప్పుడూ అదే వరస. ఏ మిషను అని అడగదు.

శుక్రవారం గురువుగారి సంతకం పడ్డాక, జీపు అరగంట ఆలస్యంగా కదిలింది.

పురుషోత్తంగారు పోయాక ఇల్లు చెల్లెలి కూతురికి వెళ్ళింది. గొడుగు సింహాద్రికి. అత్తగారూ, నీలం చీరా కేశవులుకి. ఆ పల్లెల్లో మిషన్లు నాలుగుసార్లు మారాయి, ప్రోగ్రాము మారలేదు. ఆ ప్రోగ్రాములో తన పేరంటూ ఒక్క మిషనుకీ దక్కలేదు.