పంతులుగారు చెరిపేసిన బొమ్మ

పశువుల కొట్టం వెనక, పేడదిబ్బకీ జిల్లేడు పొదలకీ మధ్య కోడిపిల్లల బడి ఉండేది. మా ఇంట్లో పిల్లలకి పలక చేతికిచ్చే రోజున దేవుడి ముందు దీపం పెట్టి ఈ బడి కథ చెప్పడం ఆనవాయితీ. సంతోషమైన కథ కాదు. అయినా చెప్పి తీరాలి.

పంతులు రామచిలక. ఎవరింటి పంజరంలోనో పెరిగి, విన్నదల్లా కంఠతా పట్టి, తలుపు తెరిచి ఉన్ననాడు ఎగిరొచ్చింది. తాటాకు మీద ముక్కుతో పాఠం గీరి, జామకొమ్మకి వేలాడదీసి చదివించేది.

“మెత్తని అడుగు, మెరిసే కన్ను,
తియ్యని పలుకు, ఊగే తోక;
పిలిస్తే వెళ్లకు, వెళితే రావు.”

పిల్లలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివేవి. తల్లి చుక్కలకోడికి మాత్రం మనసు కుదుటపడలేదు. ఆ పాఠం బావురుపిల్లి గురించి. కిందటేడు తన అక్కని పొదల్లోకి లాక్కుపోయింది అదే.

“చదివారు సరే, ఏం అర్థమైందో గీయండి తల్లీ,” అంటూ బూడిద పరిచింది.

పెద్దపిల్ల గీసి, “ఎద్దుమామ! తోక ఊపుతాడు, కళ్లు మెరుస్తాయి,” అంది.

“ఎద్దుమామ తియ్యగా ఎప్పుడు మాట్లాడాడే, రంకె తప్ప!” అని నవ్వింది చిన్నది. అది గీసిన బొమ్మకి వంకర ముక్కు ఉంది. “ఇదుగో, మన పంతులుగారు!”

కోడి గబగబా దగ్గరికొచ్చింది. “అయ్యో, చదివిందొకటీ తలకెక్కిందొకటీనా! చూడండి, నేను గీస్తాను.” కాలిగోటితో రెండు చెవులు గీసిందో లేదో, చిలక కొమ్మ మీంచి దూకింది.

“నా మొహమా అందులో? చదవేస్తే ఉన్న మతి పోయిందట! చుక్కమ్మా, నీ కెలుకుడు పేడదిబ్బ దగ్గర పెట్టుకో. బొమ్మలు చదువురాని వాళ్లకి!”

“కాస్త ఓపిక పట్టండి పంతులుగారూ. మీసాలొక్కటీ గీస్తే పిల్లలకి తెలిసిపోతుంది.”

“ఇంకో గీత పడిందా, నీ పిల్లలకి బడి లేదు!” రెక్కలతో బూడిదంతా చెదరగొట్టింది.

చదువుకున్నవాళ్లకి ఎదురాడకూడదని కోడి భయం. రాత్రికి రెక్కల కింద పిల్లలకి చెబుదాంలే అనుకుని, తల దించుకుని, గింజల కోసం కళ్లం వైపు వెళ్లింది.

ఇదంతా జిల్లేడు పొదలోంచి బావురుపిల్లి విననే వింది. మెల్లగా బయటికొచ్చి వంగి దండం పెట్టింది.

“మీ పిల్లల చదువు పొలిమేర దాకా వినిపిస్తోందండీ పంతులుగారూ. ఒక్కసారి చదివిస్తారా?”

చిలక బావురుపిల్లి గురించి వినడమే కానీ ఎన్నడూ చూసి ఎరగదు. మెడ చాచి, “చదవండర్రా!” అంది.

చదివాయి.

“ఆహా, ఏం పలుకులండీ! వీళ్లకి బహుమతి ఇవ్వకపోతే పాపం. పొదలో నూకలు పోసి ఉంచాను, పంపుతారా?”

“వెళ్లండర్రా. దారిలో పాఠం మాత్రం ఆపకండి!”

“పిలిస్తే వెళ్లకు, వెళితే రావు” అని చదువుతూనే, ఆ మెత్తని అడుగుల వెనకే వెళ్లాయి. చిలక కళ్లు మూసుకుని తల ఊపింది. పొదలో గొంతులు ఒక్కొక్కటే తగ్గాయి. చిన్నదాని గొంతు “తియ్యని పలుకు” దగ్గర ఆగిపోయింది.

“ఆపావేం? తర్వాత ‘ఊగే తోక’ అనాలి!” అని గద్దించింది చిలక.

కోడి పరుగెత్తుకొచ్చింది. “నా పిల్లలేరీ పంతులుగారూ?”

చిలక నోరు తెరిచింది. ఆ ప్రశ్నకి జవాబు దానికి ఎవరూ వల్లె వేయించలేదు.

చదివిన మాట పిల్ల కళ్లకి కట్టకపోతే, ఆ చదువు దాని ప్రాణం కాపాడదు.